ఓటు ఎవరికో ఫాదర్ చెప్పొచ్చా? – స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం బోధించే ఫాదర్, సత్యోపదేశం (కథోలిక విశ్వాస పాఠాలు) చెప్పే టీచర్, మొదటిసారి ఓటు వేయబోతున్న విద్యార్థి)

యాంకర్: నమస్కారం. ఎన్నికలు దగ్గరపడితే చాలు, విచారణల్లో, అంటే ఒక్కో గుడి కింద ఉండే విశ్వాసుల సంఘాల్లో, గుసగుసలు మొదలవుతాయి, "ఈసారి బిషప్ గారు ఎటు?" అని. ఫాదర్, ఎవరికి ఓటేయాలో మీరు చెప్పొచ్చా?

ఫాదర్: చెప్పకూడదండీ. గురువులు, అంటే మాలాంటి ఫాదర్లు, పార్టీల్లో చురుగ్గా తిరగడానికి 1983 నాటి శ్రీసభ చట్టం ఒప్పుకోదు, 287వ నిబంధన చూడండి. శ్రీసభ హక్కులకో సమాజ మేలుకో తప్పనిసరైతే తప్ప, అదీ పైఅధికారులు సరేనంటేనే. ప్రభుత్వాధికారం చలాయించే పదవులైతే 285వ నిబంధన ప్రకారం మాకు నిషిద్ధం. రాజకీయం గృహస్థ విశ్వాసుల, అంటే గురువులు కాని మామూలు విశ్వాసుల పని.

టీచర్: ప్రసంగంలో పేరు చెప్పరు, సరే. పూజ అయ్యాక గుడి మెట్ల మీద "మనవాడే" అని ఒక మాట వదిలే గురువులు లేరంటారా?

ఫాదర్: (నవ్వుతూ) ఉన్నారమ్మా. అదీ తప్పే.

టీచర్: మీరు మౌనంగా ఉంటే ఆ ఖాళీలోకి వాట్సాప్ దూరుతోంది. మా సత్యోపదేశం పిల్లలు ఒక మెసేజ్ చూపించారు. "బిషప్ గారి ఆదేశం, ఫలానా అభ్యర్థికే ఓటు, అందరికీ పంపండి." తేదీ లేదు, సంతకం లేదు, ఏ మేత్రాసనమో, అంటే ఏ బిషప్ గారి పరిధో కూడా లేదు. పైన సిలువ బొమ్మ ఒక్కటి పెట్టారు. పెద్దవాళ్లు సైతం నమ్మేశారు!

యాంకర్: బాబూ, నీకు ఓటు కొత్త. నీ టెన్షన్ ఏంటి?

విద్యార్థి: ఒక పార్టీ గర్భస్రావాన్ని సమర్థిస్తుంది. ఇంకోటి వలస వచ్చినవాళ్లను తరిమేస్తానంటుంది. రెండూ మన విశ్వాసానికి విరుద్ధమే కదా! ఎవరికి వేసినా పాపమేనా ఫాదర్?

ఫాదర్: అసలు ప్రశ్న ఇదీ. 2004లో కార్డినల్ రాట్జింగర్, అంటే తర్వాత పోపు అయిన 16వ బెనెడిక్ట్, అమెరికా బిషప్పుల కోసం ఒక నోట్ రాశారు. గర్భస్రావాన్ని సమర్థిస్తున్నాడనే కారణంతోనే ఒకరికి ఓటేస్తే ఆ చెడులో నీకూ భాగముంది. ఆ వైఖరి నీకు నచ్చకపోయినా వేరే కారణాలతో వేస్తే, ఆ కారణాలు దానికి తూగేంత బరువైనవైతే, అనుమతి ఉంది.

టీచర్: ఆ "బరువైన" అన్నచోటే అందరూ జారిపోతారు. మా కులంవాడు, మా నాన్న పార్టీ... ఇవన్నీ బరువైన కారణాలేనని మనసుకు సర్దిచెప్పుకుంటారు.

ఫాదర్: ఒప్పుకుంటాను. తనకు నచ్చిందల్లా మనస్సాక్షి చెప్పినట్టు కాదు. దానికి చదువు కావాలి, ప్రార్థన కావాలి, అభ్యర్థి గురించి నిజాలు తెలుసుకునే ఓపికా కావాలి. 2024లో సింగపూర్ నుంచి తిరిగొస్తూ విమానంలో పోపు ఫ్రాన్సిస్‌ను విలేకరులు సరిగ్గా ఈ బాబు ప్రశ్నే అడిగారు. తక్కువ చెడును ఎంచుకోవాలన్నారు. అది ఎవరు అంటే, ఎవరికి వారు మనస్సాక్షితో ఆలోచించుకోవాలన్నారే తప్ప పేరు చెప్పలేదు.

యాంకర్: అంత చిక్కయితే ఓటు మానేస్తే పోలా?

ఫాదర్: ఒకప్పుడు శ్రీసభే మానేయమంది! పోపుల పాలనలోని రోమ్‌ను 1870లో ఇటలీ రాజ్యం కలిపేసుకుంది. దానికి నిరసనగా అక్కడి కథోలికులను జాతీయ ఎన్నికలకు దూరంగా ఉండమన్నారు. 1919లో 15వ బెనెడిక్ట్ ఆ నిషేధాన్ని పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు శ్రీసభ అధికారిక సత్యోపదేశ గ్రంథంలోని 2240వ పేరా పన్ను కట్టడంతో పాటు ఓటు వేయడాన్నీ నైతిక బాధ్యతల్లో చేర్చింది.

విద్యార్థి: అయితే బద్ధకంతో వెళ్లకపోతే పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పాలా?

ఫాదర్: బద్ధకమైతే చెప్పు. కానీ అభ్యర్థులంతా ఘోరమైన చెడునే సమర్థిస్తుంటే, బాగా ఆలోచించి ఎవరికీ వేయకపోవడం వేరు. దాన్ని అసాధారణ నిర్ణయంగా ఓటర్ల కోసం అమెరికా బిషప్పులు రాసిన పత్రం ఒప్పుకుంటుంది. లేదా ఆ చెడును ముందుకు తీసుకెళ్లే అవకాశం తక్కువున్నవాడికి వేయొచ్చంటుంది.

టీచర్: నాకు మొదటి దారి నచ్చదు. మనం ఇంట్లో కూర్చున్నా ఎవరో ఒకరు గెలుస్తారు, చట్టాలు చేస్తారు.

ఫాదర్: నచ్చకపోయినా అది తప్పు అనలేరమ్మా.

టీచర్: తప్పు అనను. మా పిల్లలకు మాత్రం రెండో దారే చెబుతాను.