‘ఒకటి ఏ’ అంటే ‘ఒకటే’ కాదు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, నాకంటే ముందే వచ్చి ఫ్యాన్ల కింది కుర్చీలన్నీ పట్టేసిన మిత్రులకు నమస్కారం. నాకిచ్చిన అంశం ‘వయసు మళ్ళినవారు, ప్రయాణ సౌకర్యాలు’. ఇచ్చిన టైము పదిహేను నిమిషాలు. రాయితీల గురించి, కింది బెర్తుల గురించి నాలుగు పేజీలు రాసుకొచ్చాను, జేబులో ఉన్నాయి, చివర్లో టైముంటే చదువుతాను. ముందు నేను ప్లాట్‌ఫారం నంబరు పక్కన తగిలించే ఒక ఇంగ్లీషు అక్షరం గురించి మాట్లాడాలి. ‘ఏ’. అంతే, ఆ ఒక్క అక్షరం.

మీలో మద్రాసు సెంట్రల్ చూసినవాళ్ళెంతమంది? అబ్బో, సగం హాలు చేతులెత్తారు. అక్కడ రెండో నంబరు తర్వాత మూడు రాదు. రెండు, రెండు ఏ, ఆ తర్వాతే మూడు. పొట్టి ప్లాట్‌ఫారం అది, పెట్టెలు తక్కువున్న బళ్ళకి వాడతారు. మన విజయవాడ జనశతాబ్ది చాలాకాలం అక్కణ్ణించే బయల్దేరేది. ఇప్పుడు నోటితో ఒకసారి గట్టిగా అనండి: రెండు ఏ. ఇంకొంచెం త్వరగా అనండి. ఏమొచ్చింది? ‘రెండే’! హైస్కూల్లో ఉత్వ సంధి బట్టీ పట్టిన జనం మనం, ఉకారం తర్వాత అచ్చు కనబడితే మన నోరు ఊరుకోదు. తమిళులకి ఈ బాధ ఉందో లేదో గానీ, తెలుగువాడికి మాత్రం ‘రెండు ఏ’ అని చెప్పినా చెవిలో పడేది ‘రెండే’. వాడు సంచి తీసుకుని తిన్నగా రెండుకి పోతాడు.

నేను ముప్పై ఏళ్ళు రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేశానని ఇక్కడ చాలామందికి తెలుసు. కాబట్టి ఈ అక్షరం ఎక్కణ్ణించి వస్తుందో లోపలి మాట చెప్తాను. మన డోరు నంబర్లు చూడండి. పన్నెండుకీ పదమూడుకీ మధ్య ఖాళీ జాగాలో ఎవరో ఇల్లు కట్టారనుకోండి, వీధంతా నంబర్లు మార్చరు కదా, పన్నెండు బై ఏ అంటారు. పాత పోస్టుమ్యాన్‌కి ఇబ్బంది లేదు, కొత్తగా వచ్చిన కొరియర్ కుర్రాడు మాత్రం ఎండలో తిరుగుతాడు. స్టేషన్లోనూ అదే కథ. మామూలుగా స్టేషన్ బిల్డింగు పక్కనున్నది ఒకటో నంబరు. మధ్యలోనో, ఆ ఒకటికి ఇవతలో కొత్తది కట్టారంటే చిక్కొచ్చి పడుతుంది. లండన్‌లో కింగ్స్ క్రాస్ అనే పెద్ద స్టేషనుంది, 2010లో ఒకటో నంబరు పక్కన కొత్త ప్లాట్‌ఫారం వేసి దానికి సున్నా అని పేరు పెట్టారు, 2021లో నంబర్లు మార్చేదాకా అదే పేరు. నవ్వకండి, నిజంగానే జీరో నంబరు ప్లాట్‌ఫారం! జపాన్‌లో క్యోటోలో కూడా సున్నా ఉంది. ఒకటి మాత్రం లేదు, సున్నా తర్వాత రెండే. అయ్యో, మళ్ళీ అదే సంధి... ‘రెండు’ అండీ, ఏ లేని రెండు. చివర్న పద్నాలుగు నించి ఒక్కసారిగా ముప్పైకి దూకుతారు.

ఇంకో రకముంది. ప్లాట్‌ఫారం మరీ పొడుగైతే మధ్యలో పట్టాలు అటూ ఇటూ మారే క్రాసోవర్ పెడతారు, ఒకే ప్లాట్‌ఫారానికి వెనకొకటి ముందొకటి రెండు బళ్ళు నిలబెట్టొచ్చు. అప్పుడు ఆ ముక్కకో పేరు, ఈ ముక్కకో పేరు కావాలి. కేరళలో కొల్లం స్టేషన్లో ఒకటి, ఒకటి ఏ కలిపి 1,180 మీటర్లు. హుబ్బళ్ళిలో 2023లో ప్రారంభించినది 1,507 మీటర్లు, అంటే కిలోమీటరున్నర! మోకాళ్ళు బాగున్నవాడికి అది గిన్నిస్ రికార్డు. మోకాళ్ళు లేనివాడికి?

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. ఏ స్టేషనో పేరు చెప్పను. మా అమ్మకి అప్పుడు డెబ్బై ఎనిమిది. చెల్లెలి ఊరికి ప్యాసింజరు ఎక్కించాలి. ఎంక్వైరీ కిటికీలో అద్దానికున్న కంతలోంచి లోపలాయన చెప్పాడు, ‘ఒకటి ఏ’. నాకు వినబడింది ‘ఒకటే’. ఒకటే కదా, ఎదురుగానే ఉంది, ఇంకేం, టీ స్టాల్ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాను. అమ్మ ఒళ్ళో చింతకాయ పచ్చడి డబ్బా, కాళ్ళ దగ్గర సంచి. అక్కణ్ణించి చూస్తే నీళ్ళ ట్యాంకు దాటాక, ఆ చివర ఏవో ఖాళీ పెట్టెలు నిలబడున్నాయి. యార్డుకి పోయే ఖాళీ బండి అనుకున్నాను, సిగ్నల్ విభాగం వాణ్ణి కదా, అన్నీ తెలుసు నాకు! కాసేపటికి అది కదిలింది. అమ్మ అడిగింది, “ఒరే, ఆ వెళ్ళేది ఏ బండిరా?”

అమ్మ ఎక్కాల్సిన బండే అది.

తర్వాత ఆ చివరి దాకా నడిచెళ్ళి బోర్డు చూశాను. పసుపు రేకు మీద నల్లగా జానెడు ఒకటి. దాని పక్కన తర్వాతెప్పుడో ఎవరో పెయింటుతో రాసిన ఏ, బెత్తెడు కూడా లేదు, సగం ట్యూబులైటు పట్టీ వెనకుంది. వెనక్కొస్తే అమ్మ ఒక్క మాటంది: “ముప్పై ఏళ్ళు చేశావు కదరా అందులో.” తిట్టినా బాగుండేది.

ఎందుకంత గుచ్చుకుందంటే, ఇది ఇంతవరకు మా ఆవిడకి కూడా చెప్పలేదు, నేను సర్వీసులో ఉండగా వేరే ఊళ్ళో ఇలాంటి మీటింగులోనే కూర్చున్నాను. కొత్త ప్లాట్‌ఫారం వస్తోంది, నంబర్లన్నీ వరసగా మార్చాలా అన్న చర్చ. మారిస్తే బోర్డులు మార్చాలి, అనౌన్స్‌మెంట్లు మార్చాలి, స్టేషన్ వర్కింగ్ రూల్స్ పుస్తకం సవరించాలి, రోజూ వచ్చేవాళ్ళ అలవాటు పోవాలి. “ఎందుకు సార్ అంత టెన్షన్, ఏ తగిలిస్తే పోలా” అన్నది ఎవరో కాదండీ. మాకు పని తగ్గింది. ఆ పని ఎవరి నెత్తిన పడిందో నాకు ఆ బెంచీ దగ్గర తెలిసింది.

మార్చడం కుదరదనేవాళ్ళకి దాదర్ స్టేషన్ చూపిస్తాను. బొంబాయిలో మనవాళ్ళు లక్షల్లో ఉన్నారు, అడగండి. అక్కడ వెస్టర్న్ రైల్వేకీ సెంట్రల్ రైల్వేకీ వేరువేరుగా ఒకటి, రెండు, మూడు ఉండేవి. ‘ఒకటో నంబరు దగ్గరుంటా’ అని చెప్పుకున్న ఇద్దరు మనుషులు బ్రిడ్జికి అటొకరు ఇటొకరు నిలబడి ఫోన్లో పోట్లాడుకునేవారు. 2023 డిసెంబరు 9 నించి వెస్టర్న్‌వి ఏడు దాకా అలాగే ఉంచి, సెంట్రల్‌వి ఎనిమిది నించి పద్నాలుగు దాకా చేశారు. అంత జనం తిరిగే చోటే నంబర్లు మారాయి. మన దగ్గర మారవా?

అధ్యక్షుల వారు చీటీ పంపారు, రెండు నిమిషాలట. రెండే అని రాశారు, రెండు ఏ కాదు, సంతోషం. రాయితీల పేజీలు జేబులోనే ఉండనివ్వండి. తలుపు దగ్గర బల్ల మీద ఒక అర్జీ పెట్టాను. అందులో మూడే కోరికలు. అక్షరాన్ని అంకెంత సైజులో రాయాలి. తెలుగులో చెప్పేటప్పుడు అంకెకీ అక్షరానికీ మధ్య ఆగి, ‘అ అమ్మలో అ’ అన్నట్టు ఏదో ఒక గుర్తు చెప్పాలి. చేతనైన చోట అక్షరం తీసేసి వరస నంబరు వేయాలి. వెళ్ళేటప్పుడు సంతకం చేయండి. మొదటి సంతకం మా అమ్మది, వంకరగా ఉంటుంది, కింద ఖాళీ ఉంచాను. ఇప్పటికీ ఆవిణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్తే ఆటో దిగకుండానే అడుగుతుంది, “ఒరే, ఒకటా, ఒకటి... ఏ నా?” అని, మధ్యలో ఊపిరి తీసుకుని మరీ.