లోపం ఎత్తిచూపిన సందర్భం చెప్పమంటే...

శ్రోతలకు నమస్కారం. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్లినవారిని, ముఖ్యంగా ఎక్కడైనా రెండు మూడేళ్లు పనిచేసి వచ్చినవారిని, తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ పనిలో లోపం ఉందని మీ పైఅధికారి చెప్పిన సందర్భం ఒకటి చెప్పండి. అప్పుడు మీరేం చేశారు?" చదువు గురించీ జీతం గురించీ తడుముకోకుండా మాట్లాడినవారు కూడా ఇక్కడికి వచ్చేసరికి నీళ్లు నములుతారు. కొందరు "అలాంటి సందర్భమే రాలేదండీ" అని తప్పించుకుంటారు. మరికొందరు "నేను మరీ ఎక్కువగా కష్టపడతానని మా మేనేజరుగారు అంటుండేవారు" అంటూ పొగడ్తకే విమర్శ వేషం వేస్తారు. మొదటి జవాబు నమ్మశక్యంగా ఉండదు, రెండోదాన్ని బల్లకు అవతల కూర్చున్నవారు ఎన్నోసార్లు విని ఉంటారు.

అసలు ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారు? విమర్శ విన్న ప్రతివాడూ బాగుపడతాడన్న భరోసా ఏ యజమానికీ లేదు కాబట్టి. పనితీరుపై ఇచ్చే అభిప్రాయాల ప్రభావం గురించి అంతకుముందు జరిగిన పరిశోధనలు ఎన్నింటినో కలిపి పరిశీలించి క్లూగర్, డెనిసి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1996లో ఒక విశ్లేషణ ప్రచురించారు. సగటున చూస్తే పనితీరు మెరుగుపడిన మాట నిజమే కానీ, మూడో వంతుకు పైగా సందర్భాల్లో అది తగ్గిందని వారు తేల్చారు. చెప్పిన మాట వినేవారి దృష్టిని పని మీద నుంచి తన మీదికి, అంటే తన పరువు మీదికీ ప్రతిష్ఠ మీదికీ మళ్లించినప్పుడు ఫలితం దెబ్బతింటుందని వారి వివరణ. ఇంటర్వ్యూలో చెప్పే జవాబుకూ ఇదే కొలత అని నా అభిప్రాయం. ఆ జవాబు ఎంతసేపు పని గురించి నడిచింది, ఎంతసేపు "నేను" చుట్టూ తిరిగింది అన్నది వినేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర అకౌంటెంటుగా పనిచేస్తున్న అమ్మాయి మరో సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్లిందనుకుందాం. ఆమె ఇలా చెప్పవచ్చు.

"మా దగ్గర సరుకు కొనే ఒక పార్టీకి విజయవాడలోనూ హైదరాబాదులోనూ శాఖలు ఉన్నాయండి. విజయవాడ శాఖకు పంపిన సరుకు బిల్లును నేను ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో హైదరాబాదు శాఖ జీఎస్టీ నంబరు మీద వేశాను. 14వ తేదీ తర్వాత వాళ్లు తమ కొనుగోలు బిల్లులు కనిపించే జీఎస్టీఆర్-2బి చూసుకుంటే ఆ బిల్లు కనిపించలేదు, కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ ఆగిపోయింది. వాళ్లు మా యజమానికి ఫోన్ చేశారు. బిల్లులు వేయడంలో ఉన్న వేగం సరిచూడటంలో లేదని ఆయన నాతో అన్నారు. వెనక్కి వెళ్లి చూస్తే అలాంటివే ఇంకో రెండు దొరికాయి. తర్వాతి నెల మా అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో మూడింటినీ సవరించాను. అప్పటినుంచి నంబరులోని మొదటి రెండు అంకెలు, అంటే ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, పార్టీ చిరునామాతో సరిపోయాయో లేదో చూశాకే బిల్లు ప్రింటు తీస్తున్నాను. 11వ తేదీలోగా రిటర్ను వేయాలి కాబట్టి, ఆ ముందే పెద్ద పార్టీలకు వాళ్ల బిల్లుల జాబితా వాట్సాప్‌లో పంపి చూసుకోమంటున్నాను."

ఇందులో యజమాని ఎంత కోప్పడ్డారు, ఆమె ఎంత నొచ్చుకుంది అన్న ప్రస్తావనే లేదు. ఆయన అన్న మాట ఒక్క వాక్యంలో ముగిసింది, మిగతాదంతా ఆ తర్వాత జరిగిన పని. అడగకుండానే పాత బిల్లులు తిరగేసి ఇంకో రెండు తప్పులు పట్టుకోవడం ఈ జవాబుకు ప్రాణం, ఎందుకంటే చెప్పిన తప్పు వరకే దిద్దుకుని ఊరుకునేవారే ఎక్కువ. "మళ్లీ అలా జరిగిందా?" అని వెంటనే అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండాలి. ఒకసారి జరగబోయి ప్రింటుకు ముందే దొరికిపోయి ఉంటే ఆ మాటే చెప్పడం మంచిది.

ఏ తప్పును ఎంచుకోవాలన్నదీ ఆలోచించవలసిందే. అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన సంగతి చెబితే తేలిపోతుంది, క్యాషియరు ఉద్యోగానికి వెళ్లి నగదు తేడా వచ్చిన సంగతి చెబితే అక్కడితో సరి.

ఇక, వచ్చిన విమర్శే న్యాయం కాదనిపించిన సందర్భాలు ఉంటాయి. వాటినీ చెప్పవచ్చు. ప్రభుత్వోద్యోగి వార్షిక పనితీరు నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, అది మంచిదైనా చెడ్డదైనా, అతనికి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 15 రోజుల గడువు కూడా ఉంది. అంటే కాదనడం తప్పేమీ కాదు. ఆధారాలు చేతపట్టుకుని అన్నవారి ముందే కాదన్నారా, లేక పక్క సీట్లవాళ్ల దగ్గర గొణుక్కుని ఊరుకున్నారా అన్నదే ఇంటర్వ్యూ చేసేవారు చూస్తారు. అయితే ఆ పాత అధికారిని అక్కడ తూలనాడితే, రేపు తమ గురించీ ఇలాగే చెబుతారని వారు అనుకోవడం సహజం.

ఇంకా ఉద్యోగమే చేయనివారు కాలేజీ ప్రాజెక్టు గురించి చెబితే సరిపోతుంది. గైడుగారు రిపోర్టు వెనక్కి ఇచ్చేస్తే అందులో ఏది తీసేశారు, ఏ ప్రయోగం మళ్లీ చేశారు అన్నవే వివరాలు. ముందురోజు ఆ జవాబును గడియారం పెట్టుకుని పైకి చెప్పి చూసుకోండి. రెండు నిమిషాలు దాటుతుంటే తగ్గించవలసింది సాధారణంగా మొదట్లోని ఉపోద్ఘాతమే, మీరు దిద్దుకున్న తీరు చెప్పే చివరి భాగం కాదు.