నచ్చిన సినిమా మనల్ని ఎందుకు వదలదు?

సభకు నమస్కారం.

మన విశాఖపట్నంలో ఆటో ఎక్కి "జగదాంబ" అంటే ఇంకో మాట అక్కర్లేదు. సినిమా హాలు పేరు సెంటరు పేరైపోయింది. ఆ హాల్లో ఒక్క సినిమా చూడనివాళ్ల నోట కూడా ఆ పేరు రోజూ నలుగుతూనే ఉంటుంది. సినిమాలు, సీరియళ్లు, నటులు మనలో ఉండిపోవడానికి కారణం కూడా ఇలా నలగడమేనని నా నమ్మకం.

"బాగుంది కాబట్టి గుర్తుండిపోయింది" అంటుంటాం. బాగున్నవి ఎన్నో మరిచిపోయాం కదా! హాల్లోంచి బయటికొచ్చాక ఆ సినిమాను ఎన్నిసార్లు తలుచుకున్నాం, ఎన్నిసార్లు అనుకరించాం, ఏయే సందర్భాల్లో వాడుకున్నాం అన్నదే అసలు లెక్క. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు పాఠాలిచ్చి చూశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత పెడితే మాత్రం, పాఠం పక్కన పెట్టి గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లు ముందుకొచ్చారు. సినిమాకూ ఇదే వర్తిస్తుంది. చూసినప్పటికంటే, చూడకుండా తలుచుకున్నప్పుడే అది గట్టిపడుతుంది.

తెలుగు సినిమాకు ఈ తలుచుకునే ఏర్పాట్లు మొదటినుంచీ పుష్కలం. హాలు దగ్గర పాటల పుస్తకం అమ్మేవారు. పల్చటి పుస్తకం, ముందు కథ, తర్వాత పాటలు. కథను మంచి పట్టులో ఆపేసి "మిగతా కథ వెండితెరపై చూడండి" అని వేసేవారు. సినిమా అయిపోయినా పుస్తకం ఇంట్లో ఉండేది. చరణం మరిచిపోతే తీసి చూసుకుని మళ్లీ పాడుకునేవారు. ఆకాశవాణి సంక్షిప్త శబ్దచిత్రం వినిపించేది. బొమ్మ ఉండదు, మాటలూ పాటలూ మాత్రమే. బొమ్మను వినేవాళ్లు తమ మనసులో తామే వేసుకోవాలి, అంటే అది వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదికీ జ్ఞాపకశక్తి సాధన జరిగేదన్నమాట. ఇక పెళ్లి పందిట్లో, రామనవమి పందిట్లో మైకులు సరేసరి. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ సంభాషణల్ని చూసి కాదు, విని కంఠస్థం చేసినవాళ్లు ఊరూరా ఉన్నారు.

పాట నిర్మాణంలోనే ఈ గుణం ఉంది. మూడు చరణాల పాటలో పల్లవి కనీసం నాలుగుసార్లు వస్తుంది, రెండింటి మధ్యా కాస్త ఎడం ఉంటుంది. ఒకేసారి వరసగా నాలుగుసార్లు వినడం కంటే ఎడం ఇచ్చి వినడం ఎక్కువ నిలుస్తుందని జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసినవాళ్లంతా ఒప్పుకునే సంగతి. ప్రాస, తాళం తోడైతే, ఒక మాట పోయినా పక్కమాట దాన్ని లాక్కొస్తుంది.

ఒక్క పాటను కాస్త దగ్గరగా చూద్దాం. 1957 మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లివారి మధ్యకు వస్తాడు. సావిత్రి గారు 'అహ నా పెళ్ళంట' అంటూ ఆడతారు. పాడింది సుశీల గారు. మధ్యలో మాయ శశిరేఖ తనెవరో మరిచిపోతుంది. గొంతు ఘంటసాల గారిదవుతుంది, నడకలో, నిలబడటంలో, కళ్లు తిప్పడంలో ఎస్వీ రంగారావు గారి దర్పం దిగుతుంది. అంతలోనే సర్దుకుని మళ్లీ సిగ్గుపడే పెళ్లికూతురవుతుంది. ఎవరూ పక్కనుంచి వివరించరు. విషయం మనకు ముందే తెలుసు, తెరమీద కౌరవులకు తెలియదు. ఆ తేడా మనల్ని కథలో భాగస్వాముల్ని చేస్తుంది. ఇంకో పెద్ద కారణం, దీన్ని ఎనిమిదేళ్ల పిల్ల ఇంట్లో చేసి చూపించగలదు. రెండడుగులు సిగ్గుగా, రెండడుగులు బరువుగా వేస్తే చాలు, తాతయ్య ఏ సినిమానో చెప్పేస్తారు. 'వివాహ భోజనంబు' పాటలో లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరిపోతాయి. మార్కస్ బార్ట్‌లీ గారి కెమెరా మాయ అది. అన్నం తినని పిల్లలకు ముద్ద పెట్టేటప్పుడు ఆ దృశ్యాన్ని తల్లులు ఎంతలా వాడుకున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇలా ఇంట్లో పనికొచ్చే ఆనవాలు ఒక్కటున్నా ఆ సినిమా బతుకుతుంది. ఎంత గొప్పగా తీసినా, మనం చేసి చూపించడానికి ఏమీ ఇవ్వని సినిమాను మెచ్చుకుంటాం, మరిచిపోతాం.

మాటల విషయమూ అంతే. కన్యాశుల్కం నాటకంలో గిరీశం చివరి మాట "డామిట్! కథ అడ్డంగా తిరిగింది". మన నోళ్లలో అది "అడ్డం తిరిగింది"గా అరిగింది. తలుచుకున్న ప్రతిసారీ జ్ఞాపకాన్ని కాస్త మన అవసరానికి సరిచేసుకుంటామని బార్ట్‌లెట్ అనే ఇంగ్లిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1932లోనే చూపించారు. తప్పుగా గుర్తుంచుకున్నామని బాధపడక్కర్లేదు. వాడకంలో ఉన్న మాటే అరుగుతుంది.

నటుల సంగతి వేరేగా చెప్పాలి. పాత్ర గుర్తుండటం ఒకటి, మనిషి మనవాడైపోవడం ఇంకొకటి. 1956లో హోర్టన్, వోల్ అనే ఇద్దరు ఈ సంబంధాన్ని మొదటిసారి వర్ణించారు. తెరమీది మనిషి సూటిగా మనవైపే చూసి, రోజూ ఒకే వేళకు, ఒకే తీరున పలకరిస్తే, అవతలివాళ్లకు మనమెవరో తెలియకపోయినా మనకు పరిచయం కుదిరిపోతుంది. మన దగ్గర దీనికి శాంతి స్వరూప్ గారి కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివినది ఆయనే. అప్పట్లో టెలిప్రాంప్టర్ లేదు. కాగితం చూస్తూ చదివితే కళ్లు కిందికి వాలతాయి. ఆయన వార్తల్ని కంఠస్థం చేసుకుని కెమెరాలోకి చూసి చెప్పేవారు. ఆ శ్రమే ఆయన్ని ప్రతి ఇంటికీ తెలిసిన మనిషిని చేసింది.

సీరియళ్లలో ఈ సంబంధం ఎంత గట్టిదో 'అమృతం' చూపిస్తుంది. 2001లో జెమినీలో మొదలైంది. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు. ఆంజనేయులుగా మాత్రం గుండు హనుమంతరావు గారే కొనసాగారు. ప్రధాన పాత్రధారి మారితే సీరియల్ పడిపోవాలి. పడలేదు. ఎదుటి పాత్ర, ఆ హోటలు, ప్రారంభ గీతం, హాస్యం నడిచే తీరు మారలేదు కాబట్టి. అన్నీ ఒకేసారి మార్చేసి, ప్రేక్షకులు రావట్లేదేమిటని కంగారుపడే నిర్మాతలు ఇది గమనించాలి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన ఉత్తరాంధ్ర మనిషి జె.వి. సోమయాజులు గారు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ రంగస్థలం మీద కన్యాశుల్కం రామప్పపంతులుగా పేరు తెచ్చుకున్నారు. 1980లో శంకరాభరణం వచ్చేనాటికి సినిమా ప్రేక్షకుల్లో చాలామందికి ఆయన ముఖం కొత్త. వెనక వేరే పాత్రల నీడ లేదు. అందుకే శంకరశాస్త్రి ఆయన ముఖానికి అతుక్కుపోయాడు, తర్వాత ఏ వేషం వేసినా జనానికి శాస్త్రిగారే కనబడ్డారు. పాత్ర చిరంజీవి అయింది. దానికి నటుడు చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు.

చోటు కూడా జ్ఞాపకాన్ని తట్టిలేపుతుంది. 1975లో గాడెన్, బాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు డైవర్లకు నీళ్లడుగున కొన్ని మాటలు వినిపించారు. ఒడ్డుకొచ్చాక అడిగినప్పటికంటే నీళ్లడుగునే అడిగినప్పుడు వాళ్లు ఎక్కువ చెప్పగలిగారు. 1978 మరోచరిత్రను ఇక్కడా, భీమిలిలోనూ తీశారు. వేరే ఊరివాళ్లకు అది టీవీలో వస్తేనే గుర్తొస్తుంది, మనకు బీచ్ రోడ్డు ఎక్కితే చాలు. పాత హాలు మూతపడితే కుర్చీలూ తెరా మాత్రమే పోవు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా కదిలే జ్ఞాపకాలకు తట్టే చెయ్యి పోతుంది.

ఇక వయసు. పెద్దవాళ్లను జీవిత జ్ఞాపకాలు చెప్పమంటే, ఇంచుమించు 15 నుంచి 25 ఏళ్ల మధ్యవి ఎక్కువగా చెబుతారు. మొదటి ఉద్యోగం, మొదటి ప్రేమ, ఊరు దాటడం, అన్నీ అప్పుడే. ఆ రోజుల పాటలు వాటితో ముడిపడి ఉంటాయి.

దీన్ని ఇంట్లో ఎలా వాడుకోవాలో చెబుతాను. మరుపు మొదలైన పెద్దవాళ్లున్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. చాలామందిలో పేర్లూ తేదీలూ పోయాక కూడా పాట చాలాకాలం నిలబడుతుంది.

పుట్టిన సంవత్సరానికి 15, 25 కలపండి. 1945లో పుట్టినవారికి 1960-70. అంటే గుండమ్మ కథ, లవకుశ, మూగమనసులు. 1965 వారికి 1980-90. పల్లెలో పెరిగినవారైతే అంతకు ముందు రెండేళ్ల సినిమాలూ చేర్చండి, టూరింగ్ టాకీసుకు ప్రింటు ఆలస్యంగా వచ్చేది. మూడు గంటల సినిమా పెట్టొద్దు. మూడు నాలుగు పాటలు, మొత్తం ఇరవై నిమిషాలు చాలు.

ఎక్కువగా చెడేది శబ్దం దగ్గర. వయసుతో సన్నని ధ్వనులు ముందు పోతాయి, స, త, క వంటి హల్లులు తెలియవు. వాల్యూం పెంచితే గోల పెరుగుతుంది, స్పష్టత పెరగదు. ఫోను పక్కనపెట్టి చిన్న స్పీకరును ఎదురుగా, మీటరు దూరంలో ఉంచండి. ఫ్యాను తగ్గించండి, వంటింటి తలుపు వేయండి. యూట్యూబ్‌లో కొన్ని పాటలు కాపీరైటు తప్పించుకోవడానికి శ్రుతి మార్చి, వేగం పెంచి పెడతారు. మనకు తేడా తెలియకపోవచ్చు, వందలసార్లు విన్న చెవికి తెలుస్తుంది, "ఇది ఆ పాట కాదు" అని ముఖం తిప్పుకుంటారు. రీమిక్సు అసలే వద్దు.

బొమ్మ దగ్గర రెండు తప్పులు. 1960ల నాటి సినిమా ఆకారం దాదాపు 4:3, అంటే వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. కొత్త టీవీ దాన్ని అడ్డంగా సాగదీసి సావిత్రి గారి ముఖాన్ని పళ్లెంలా చేస్తుంది. రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3కి మార్చండి, పక్కన నల్ల పట్టీలు రావాలి. రెండోది మోషన్ స్మూతింగ్. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు టీవీ తన సొంత ఫ్రేములు చేర్చి సీరియల్‌లా జారుగా చూపిస్తుంది. దాన్ని ఆపేయండి.

"ఇదెవరో గుర్తుందా నాన్నా?" అని మాత్రం అడగకండి. అది పరీక్ష. రాకపోతే ఆయన చిన్నబోతారు, ఆ పూట ఇక నోరు విప్పరు. పల్లవి సగం మీరు పాడి ఆగండి. లేదా "ఎవరితో వెళ్లారు? నేలా, బెంచీనా?" అనండి. ఏ జవాబొచ్చినా అది సరైన జవాబే. పోయినవాళ్లు గుర్తొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే వెంటనే టీవీ కట్టేయొద్దు, చెయ్యి పట్టుకుని వినండి. ఊపిరి బరువైనా, కంగారు కనబడినా అప్పుడు ఆపేసి వేరే మాటలోకి దించండి.

వాళ్లు పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. ఫైలుకు పాట పేరు, పాడినవారి పేరు, తేదీ పెట్టండి. ఏ హాల్లో ఎవరితో చూశారో చెబితే అదీ ఒక వాక్యం రాసి దానితోపాటే ఉంచండి. ఫోను పోయినా మిగిలేలా రెండోచోట కూడా దాచండి.