చిన్నప్పుడు సుడులు, పెద్దయ్యాక చారలు

అందరికీ నమస్కారం అండీ. స్క్రీన్ మీద రెండు చేపలు కనబడుతున్నాయి కదా, ఎడమవైపుది ముదురు నీలం, దాదాపు నలుపే అనుకోండి, దాని మీద తెల్లటి గీతలు ఒకదాని చుట్టూ ఒకటి సుడి తిరిగినట్టు ఉంటాయి, తోక దగ్గరికొచ్చేసరికి పూర్తిగా సున్నా చుట్టేసినట్టే. కుడివైపుది నీలం ఒంటి మీద తల నుంచి తోక దాకా పసుపు చారలు, తోక పసుపు, కళ్ళ మీదుగా గంతలు కట్టినట్టు నల్లటి పట్టీ. ఈ రెండూ ఒకదానికొకటి ఏమవుతాయి అని అడిగితే చాలామంది ఏమీ కావు అంటారు. రెండూ ఒకటే చేప! ఎడమవైపుది పిల్ల, కుడివైపుది పెద్దది, పేరు ఎంపరర్ ఏంజెల్‌ఫిష్.

మీరు పొరబడితే తప్పేం లేదులెండి, సైంటిస్టులే పప్పులో కాలేశారు. 1787లో బ్లోఖ్ అనే జర్మన్ ఆయన పెద్ద చేపకి ఇంపరేటర్ అని పేరు పెడితే, 1801లో పిల్లచేపకి నికోబార్ పేరు మీద వేరే జాతి అని ఇంకో పేరు పెట్టేశారు.

సరే, మొదట్నుంచి వద్దాం. పొద్దుగూకే వేళకి మగది, ఆడది జంటగా కాస్త పైకి ఈది ఒకేసారి గుడ్లు, వీర్యం నీళ్ళలోకి వదిలేస్తాయి, అంతే, గూడు కట్టడం లేదు కాపలా కాయడం లేదు, గుడ్లు తేలుకుంటూ ఎటు ప్రవాహం ఉంటే అటు పోతాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన లార్వాలు, అంటే పసిపిల్లలు, కొన్ని వారాలు నడిసముద్రంలో ప్లాంక్టన్‌తో, అదే నీళ్ళలో తేలుతూ పోయే చిన్న చిన్న జీవులతో పాటే కొట్టుకుపోయి, బతికినవి ఏదో ఒక పగడపు దిబ్బ మీద వాలతాయి. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్‌లో టువమోటు దీవుల దాకా ఈ చేప ఉందంటే ఈ కొట్టుకుపోవడం వల్లే అనుకుంటాను నేను.

దిబ్బ మీదకొచ్చిన పిల్ల ఒంటరిగా బతుకుతుంది, రాళ్ళ చూరు కింద, బొరియల్లో నక్కి ఉంటుంది. అప్పుడప్పుడు వేరే చేపల ఒంటి మీద పురుగుల్ని ఏరి తింటుంది కూడా. పెద్దవి అలా కాదు, పగడాలు బాగా పెరిగిన చోట, దిబ్బకి సముద్రం వైపు అంచుల్లో, 100 మీటర్ల లోతు దాకా తిరుగుతాయి, 40 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి, ఎక్కువగా స్పాంజ్‌లు, అంటే రాళ్ళకి అతుక్కుని బతికే మెత్తటి సముద్రపు జీవుల్ని తింటాయి. మగది తన ఏరియా అని గీత గీసుకుని రెండు మూడు ఆడవాటితో ఉంటుంది, ఇంకో మగది వస్తే ఊరుకోదు. చెంప దగ్గర ఒక ముల్లు ఉంటుంది చూడండి, వీటిలాగే కనబడే సీతాకోక చేపలకి, అదే బటర్‌ఫ్లై ఫిష్‌లకి, అది ఉండదు, రెండిట్నీ తేడా పట్టడానికి అదే గుర్తు.

మరి పిల్లకి వేరే వేషం ఎందుకు? ఎక్కువమంది చెప్పేది ఏంటంటే, పెద్ద చేప తనలాంటి చారలున్నదాన్నే పోటీదారు అనుకుని తరుముతుంది, సుడులున్న పిల్లని పట్టించుకోదు, అంటే ఆ వేషం పిల్లకి గేట్ పాస్ లాంటిదన్నమాట. నాకైతే ఇది నమ్మబుద్ధేస్తుంది, కానీ దీంతోనే అంతా తేలిపోయిందని అనను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన స్లైడ్. ఇది వేషం మారుతున్న మధ్యలో తీసిన ఫోటో, పాత సుడులు మసకగా ఇంకా కనబడుతూనే ఉన్నాయి, వాటి మీదే పసుపు చారలు వచ్చేస్తున్నాయి, చెరపకుండానే పలక మీద మళ్ళీ రాసినట్టు. ఈ చారలు ఎవరు గీస్తున్నారు అంటే, 1952లో అలన్ ట్యూరింగ్, అవును కంప్యూటర్ల ట్యూరింగే, రెండు రసాయనాలు వేర్వేరు వేగంతో పాకుతూ ఒకదాన్నొకటి పెంచుతూ ఆపుతూ ఉంటే వాటంతటవే చారలు, చుక్కలు ఏర్పడతాయని లెక్కగట్టి చూపించాడు. చేప మీద అది చూపించింది జపాన్‌లో కోండో, అసాయ్ అనే ఇద్దరు, 1995లో, సరిగ్గా ఈ చేప మీదే. మామూలుగా ఒళ్ళు పెరిగితే చారలు కూడా సాగి వెడల్పవ్వాలి కదా, బెలూన్ మీద గీతల్లాగా. ఇక్కడ అవ్వవు. చారల మధ్య దూరం అంతే ఉంటుంది, చారల సంఖ్య పెరుగుతుంది, ఎలాగంటే ఒక చార ఒకచోట రెండుగా చీలుతుంది, ఆ చీలిక నెలల తరబడి జిప్పు తీసినట్టు మెల్లగా జరుగుతూ పోతుంది, వెనకాల ఒకటి కాస్తా రెండైపోతుంది. వాళ్ళు లెక్కలో ముందే వేసిన బొమ్మ, నెలల తర్వాత చేప ఒంటి మీద తీసిన ఫోటో పక్కపక్కన పెట్టారు, ఇదిగో చూడండి, ఆ చీలిక అక్కడ, ఇక్కడ, ఎంత దగ్గరగా ఉందో.