దుప్పటి గోడకు అటూ ఇటూ

[తెర: రాత్రి, జోరు వాన. చిన్న గదిలో రెండు మంచాలు. వాటి మధ్య తాడు మీద వేలాడుతున్న దుప్పటి.]

వాన మూలంగా దారి మూసుకుపోయింది. బస్సు ఆగిపోయింది. చేతిలో చిల్లర మాత్రమే మిగిలిన ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పి ఒకే గది తీసుకున్నారు. అమ్మాయికి టెన్షన్. అబ్బాయి తాపీగా తాడు కట్టి, దాని మీద దుప్పటి వేసి, ఇవి యెరికో గోడలు అన్నాడు. బైబిల్లో యెహోషువ మనుషులు బూరలు ఊదితే కూలిపోయాయే, ఆ గోడలు. తన దగ్గర బూర లేదు కాబట్టి భయపడొద్దని కూడా చెప్పాడు.

బూర సంగతి గుర్తుపెట్టుకోండి.

[తెర: సినిమా పేరు, 1934]

ఈ సినిమా ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా, అబ్బాయి క్లార్క్ గేబుల్, అమ్మాయి క్లాడెట్ కోల్బెర్ట్. పాత హాలీవుడ్ రొమాంటిక్ కామెడీలు ఇప్పటికీ ఎందుకంత హాయిగా ఉంటాయని ఎవరైనా అడిగితే, నేను ముందు ఈ దుప్పటినే చూపిస్తాను.

కథ చిన్నదే. కోటీశ్వరుడి కూతురు ఎల్లీ, తండ్రికి నచ్చని వాణ్ణి పెళ్లి చేసుకుంది. తండ్రి ఓడలో కట్టడి చేస్తే మయామీ దగ్గర నీళ్లలోకి దూకి పారిపోయి, న్యూయార్క్ వెళ్లే బస్సెక్కింది. పక్క సీట్లో ఉద్యోగం ఊడిన విలేకరి పీటర్. నిన్ను నీ మొగుడి దగ్గరకు చేరుస్తాను, నీ కథ నాకివ్వు అన్నది బేరం. ఇక అక్కణ్ణుంచి దారి పొడవునా తగువే.

[తెర: డోనట్‌ను కాఫీలో ముంచుతున్న చేయి]

డోనట్ కాఫీలో ఎంతసేపు ముంచాలో కూడా ఆమెకు పాఠం చెబుతాడు. పెద్దింటి పిల్లకు రోడ్డు పక్క తిండి తినడం చేతకాదని వెక్కిరింపు. అప్పటికి అమెరికాలో మహా మాంద్యం. 1933లో పనివాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. హాల్లో కూర్చున్నవాళ్లకు ఆ వెక్కిరింపు ఎంత రుచించి ఉంటుందో ఊహించుకోండి. కానీ అదే బస్సులో ఆకలితో ఓ తల్లి సొమ్మసిల్లితే వీళ్ల దగ్గరున్న డబ్బు ఆమె కొడుకు చేతికి పోతుంది. ఆకలి కూడా సినిమాలో ప్రయాణికురాలే.

[తెర: గది తలుపు. బయట డిటెక్టివ్‌లు]

నాకు అన్నిటికంటే ఇష్టమైన సీను ఇది. తండ్రి పంపిన డిటెక్టివ్‌లు గదిలోకి వస్తారు. ఇద్దరూ ఒక్క క్షణంలో మొగుడూ పెళ్లాలైపోయి పోట్లాట మొదలుపెడతారు. అతను అరుస్తాడు, ఆమె ఏడుస్తుంది. వచ్చినవాళ్లు మొహమాటపడి వెళ్లిపోతారు. తలుపు మూసుకోగానే ఇద్దరికీ నవ్వు ఆగదు.

అప్పటిదాకా నిజంగా పోట్లాడుకున్నప్పుడు వాళ్లు చెరో పక్క. ఇప్పుడు అబద్ధపు పోట్లాటలో మొదటిసారి ఒకే పక్క. ప్రేమిస్తున్నానని ఒక్క ముక్క అనలేదు, మనకు మాత్రం అర్థమైపోయింది. ప్రణయ కలహం అని ఓ మాటే పెట్టుకున్నవాళ్లం, ఇది మనకు ఒకరు చెప్పాలా?

[తెర: ఖాళీ రోడ్డు. బొటనవేలు ఊపుతున్న గేబుల్]

లిఫ్ట్ అడగడంలో పండితుణ్ణని పీటర్ బొటనవేలి విద్యలన్నీ చూపిస్తాడు. కార్లు దుమ్ము లేపుకుంటూ పోతూనే ఉంటాయి. కంచె మీద కూర్చున్న ఎల్లీ దిగొచ్చి, గౌను కాస్త పైకెత్తి మేజోడు సవరించుకుంటుంది. కీచుమని బ్రేకు! తర్వాత కార్లో పీటర్ మొహం చూడాలి. కాప్రా చెప్పుకున్న ముచ్చట ఏంటంటే, కోల్బెర్ట్ మొదట ఈ షాట్ చెయ్యనంది. వేరే అమ్మాయిని తెస్తే, ఆ కాలు నాది కాదని తనే చేసేసింది.

అసలామెకు ఈ సినిమా మీదే నమ్మకం లేదు. మామూలుకు రెట్టింపు డబ్బు, నాలుగు వారాల్లో పని ముగించాలన్న షరతు మీద ఒప్పుకుంది. ఆస్కార్ రాత్రి రైల్వే స్టేషన్లో ఉంటే వెనక్కి తీసుకొచ్చారు, ప్రయాణం బట్టల్లోనే అవార్డు అందుకుంది. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఐదూ ఒకే సినిమాకు రావడం అదే మొదటిసారి.

సెన్సార్ వల్లే ప్రేమను ఇలా దుప్పటి చాటున దాచి చూపించారని కొందరంటారు. తెర మీద ఏం చూపించకూడదో హాలీవుడ్ నియమాలు రాసుకున్నది 1930లో, గట్టిగా అమలు చేసింది 1934 జూలై నుంచి. ఈ సినిమా ఫిబ్రవరిలోనే విడుదలైంది. కాబట్టి దుప్పటిని పూర్తిగా సెన్సార్ ఖాతాలో వెయ్యలేం. తర్వాత వచ్చినవాళ్లు మాత్రం ఈ కిటుకు బాగా వాడుకున్నారు. మనవాళ్లూ ఊరుకోలేదు. 1956లో రాజ్ కపూర్, నర్గీస్‌ల ‘చోరీ చోరీ’, 1991లో ‘దిల్ హై కే మాన్తా నహీ’ ఈ కథ నుంచి పుట్టినవే.

[తెర: ఖర్చుల చీటీ]

చివర్లో పీటర్, ఎల్లీ తండ్రి దగ్గరకు వస్తాడు. కూతుర్ని పట్టిచ్చినవాళ్లకు 10,000 డాలర్ల బహుమానం ఉంది. ఇతను అడిగింది 39 డాలర్ల 60 సెంట్లు. దారి ఖర్చులు, పద్దు రాసి మరీ. ఆ చీటీ ముందు ఏ ప్రేమలేఖ నిలుస్తుంది చెప్పండి?

[తెర: రాత్రి, గది బయట. ముసలి దంపతులు]

ఎల్లీ పాత పెళ్లి రద్దైంది, పీటర్‌తో పెళ్లైంది. ఆఖరి సీన్లో హీరో హీరోయిన్లు అసలు కనిపించరు. సినిమా మొత్తంలో వాళ్ల మధ్య ఒక్క ముద్దు కూడా లేదు. గదులు అద్దెకిచ్చే ముసలి దంపతులు బయట నిలబడి ఆశ్చర్యపోతుంటారు. కొత్తగా పెళ్లైనవాళ్లకు తాడూ దుప్పటీ ఎందుకని ఆవిడ అడుగుతుంది. ఏమో, పిల్లలాడుకునే బూర కూడా ఒకటి తెమ్మన్నారంటాడు ఆయన.

లోపల నుంచి బూర మోగుతుంది. దుప్పటి జారి నేల మీద పడుతుంది.

[తెర: చీకటి]