మామిడాకు, ఆముదపాకు, భద్రాచలం

హోస్ట్: మాస్టారూ, స్టూడియోకి ఆకులెందుకు తెచ్చారు?

మాస్టారు: ఒకటి మామిడాకు, ఒకటి ఆముదపాకు. ఈనెలు చూడమ్మా. మామిడాకులో నడి ఈనె పొడుగ్గా సాగుతుంది, పక్క ఈనెలు దారి పొడుగునా కలుస్తూ వస్తాయి. ఆముదపాకులో అన్నీ కాడ దగ్గరే కలుస్తాయి. వీటిని వాగులనుకో. కాడ దగ్గర ఓ ఊరుందనుకో.

హోస్ట్: రెండిటి మీదా ఒకే వాన పడితే?

మాస్టారు: విస్తీర్ణం, నేల ఒకటే అయితే వచ్చే నీళ్లూ దాదాపు అంతే. తేడా టైమింగులో. మామిడాకు ఊరికి ముందు దగ్గరి నీళ్లొస్తాయి, అవి దిగిపోయాక పై నీళ్లు. వరద చాలాసేపు ఉంటుంది గానీ మట్టం అంత లేవదు. ఆముదపాకు ఊరికి అన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి.

హోస్ట్: దీనికి లెక్కేమైనా ఉందా?

మాస్టారు: 1932లో అమెరికా జలశాస్త్రవేత్త రాబర్ట్ హోర్టన్ ఇచ్చాడు, ఫామ్ ఫ్యాక్టర్ అని. పరీవాహకం, అంటే నదిలోకి నీళ్లు చేరే నేల మొత్తం. దాని విస్తీర్ణాన్ని పొడవు వర్గంతో భాగించడమే. 100 చదరపు కిలోమీటర్ల పరీవాహకం 25 కిలోమీటర్ల పొడవుంటే 0.16. పన్నెండే ఉంటే దాదాపు 0.7. అంకె పెరిగేకొద్దీ ఆముదపాకు అన్నమాట. రెండోదాని కింద ఇల్లు కట్టుకోమంటే నేను కట్టుకోను.

హోస్ట్: పెద్ద నదులకూ ఇంతేనా?

మాస్టారు: పరీవాహకాలు పెద్దవయ్యేకొద్దీ సన్నగా సాగుతాయి. 1957లో భూగర్భ శాస్త్రవేత్త జాన్ హ్యాక్ అమెరికాలోని షెనాండో లోయ వాగులు కొలిచాడు. ఆయన సూత్రం ప్రకారం విస్తీర్ణం 100 రెట్లయితే నది పొడవు 10 రెట్లు కాదు, దాదాపు 16 రెట్లు.

హోస్ట్: అయితే 1,465 కిలోమీటర్ల గోదావరి మామిడాకే కదా!

మాస్టారు: అక్కడే బోల్తా పడతాం. దాని పరీవాహకం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో మూడో వంతు ఒక్క ప్రాణహితదే. అది కాళేశ్వరం దగ్గర కలుస్తుంది, కాస్త దిగువన ఇంద్రావతి. రెండూ భద్రాచలానికి ఎగువనే. నాసిక్ నుంచి మామిడాకులా వచ్చిన నది ఇక్కడికొచ్చేసరికి ఆముదపాకైపోతుంది. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3.

హోస్ట్: మా అమ్మమ్మ వాళ్లది కూనవరం పక్కన. వానాకాలం ఫోన్ చేస్తే గోదారి కంటే ముందు శబరి సంగతే చెప్పేది.

మాస్టారు: చెప్పదూ మరి! శబరి కలిసేది అక్కడే. గోదారి నిండుగా ఉంటే శబరి నీళ్లకు దారుండదు, వెనక్కి ఎగదన్నుతాయి. గోదారి గట్టున లేని ఊళ్లు కూడా మునిగేది అందుకే.