బీసెంట్ రోడ్డులో క్యాండిడ్ ఫోటోలు: ఫోకస్ ముందే పెట్టేసుకుందాం

నమస్కారం అండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఉన్నాం, సాయంత్రం అయిదు దాటింది, వినపడుతోందిగా గోల. క్యాండిడ్ ఫోటోలకు, అంటే జనం పోజు పెట్టకుండా ఉన్నప్పుడు తీసే ఫోటోలకు, ఈ గోలే మనకు కావాలి. ఇంత సందడిలో కెమెరాను ఎవరూ పట్టించుకోరు. పొద్దున్నే వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ కూడా బాగుంటుంది గానీ, అక్కడ సరుకు దించేవాళ్ళకు మనం అడ్డం.

సెట్టింగులు స్క్రీన్ మీద ఉన్నాయి, చూసేయండి. మాన్యువల్ మోడ్, అపెర్చర్ ఎఫ్ 8, షటర్ 1/500, ఐఎస్ఓ ఆటో, పైన 6400 దాకా. ఫ్లాష్ వద్దు, బీప్ సౌండ్ ఆపేయండి. అంతే.

ఇప్పుడు అసలు సంగతి, ఫోకస్. ఇదిగో ఈ ఫోటో చూడండి. గాజులు బేరమాడుతున్న ఆవిడ భలే నవ్వింది. ఆటోఫోకస్ పోయి వెనకాల వేలాడుతున్న నైటీల మీద పడింది. నైటీలు మాత్రం పూలు లెక్కపెట్టుకునేంత షార్ప్‌గా ఉన్నాయి! అందుకే ఫోకస్ ముందే పెట్టేసుకుంటాం. మామూలు ఏపీఎస్-సీ కెమెరా (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్నది), దాంతో పాటే వచ్చే కిట్ లెన్స్ అనుకోండి, జూమ్ 18 ఎంఎం దగ్గర పెట్టండి. రెండు మీటర్ల దూరంలో ఏదో ఒకటి... ఆ స్తంభం ఉంది కదా, దాని మీద ఫోకస్ చేసి, ఎంఎఫ్‌కి, అంటే మాన్యువల్ ఫోకస్‌కి మార్చేయండి. ఇక మీటరు దూరం నుంచి రోడ్డు చివరి దాకా దాదాపు అంతా క్లియర్‌గా వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 28 ఎంఎం లెన్స్ అయితే ఫోకస్ 3.3 మీటర్ల దగ్గర పెట్టండి.

ఆగండి, ఇక్కడో తిరకాసు ఉంది. నన్ను తిప్పలు పెట్టింది ఇదే. మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరాల లెన్సుల్లో చాలావాటికి ఫోకస్‌ని లోపలి మోటారు తిప్పుతుంది. కెమెరా ఆపినా, దానంతట అది ఆగినా, మనం పెట్టిన దూరం పోవచ్చు. పైన ఎంఎఫ్ అని చూపిస్తూనే ఉంటుంది, ఫోకస్ మాత్రం ఇంకెక్కడో! కాబట్టి మెనూలో ఆటో పవర్ ఆఫ్ టైము పెంచండి... ఇదిగో ఇక్కడ. కెమెరా ఆన్ చేసిన ప్రతిసారీ మళ్ళీ స్తంభం. జూమ్ కదిలినా మళ్ళీ స్తంభం. రికో జీఆర్ ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదు, ముందే ఎంచుకున్న దూరానికి ఫోకస్ పెట్టేసే స్నాప్ ఫోకస్ ఉంటుంది. నాకు ఆ కెమెరా మీద ఎప్పటి నుంచో కన్ను.

అన్నట్టు, లోగో మీద నల్ల టేపు వేయండి. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్తియే బ్రెసాన్ కూడా తన లైకా కెమెరా మెరవకుండా టేపు అంటించేవాడు.

ఇక జనం వెంట పడొద్దు. ఒకచోట నిలబడండి. నాకైతే బట్టల షాపుల ముందు సంచులు పట్టుకుని ఎదురుచూసే భర్తలు ఇష్టం, ఆ మొహాలు ఇంకెక్కడా దొరకవు. తీశాక కెమెరా వెంటనే దించకండి, వాళ్ళ వెనక ఏదో చూస్తున్నట్టు అలాగే ఉంచండి.

బండ్లవాళ్ళు మాత్రం అడుగుతారు, "ఏం బాబూ, కార్పొరేషన్ నుంచా?" అని. బండి తీయించేస్తారేమోనని వాళ్ళ భయం. నవ్వి, ఫోటో చూపించండి. తీసేయమంటే అక్కడే, వాళ్ళ ముందే డిలీట్ చేయండి. వాదన వద్దు. స్నాన ఘాట్ల దగ్గర ఆడవాళ్ళ వైపు కెమెరా అసలు తిప్పొద్దు. ఆడవాళ్ళను చాటుగా చూడటం, ఫోటో తీయడం నేరమనే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ దాకా వెళ్ళే వ్యవహారం అది.

లైట్లు వెలిగాయి. సైలెంట్ షటర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షటర్) వాడేవాళ్ళు చూసుకోండి, ఎల్‌ఈడీల కింద ఫోటోలో ఇలా చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షటర్ 1/100కి దించండి... చూశారా, పోయాయి. కాకపోతే నడిచేవాళ్ళు కదిలినట్టు వస్తారు, అందుకని ఇప్పుడు పునుగుల బండి దగ్గర నిలబడి తినేవాళ్ళను తీద్దాం, రండి.